నల్లచుక్క

గాజులు తియ్యమంటే
జహీదా బీ నవ్వింది.
"లక్కవి బేటీ, వీటిలో ఇనుము ఎక్కడిది?"
నిజమే. ఇనుము ఆమె లోపలుంది.

పోయిన నెల తుంటి ఎముకలోంచి మజ్జ తోడి,
పదకొండు రోజులు గాజు పళ్లెంలో పెంచి,
తుప్పుకన్నా సన్నని రజను తాగించి
గుండె గోడ ఎండిపోయిన చోట
సూదితో నాటారు.
వాటిని వెతికే పని నాది.

పంజాగుట్ట నేలమాళిగ.
పైన మెట్రో పోయినా మాకు వినపడదు,
మా యంత్రం చప్పుడే మాకెక్కువ.
"సాస్ రోకో, అమ్మా" అంటాను మైకులో,
ఆమెకు తెలుగు కొంచెం, నాకు ఉర్దూ కొంచెం.
పద్దెనిమిది సెకన్లు ఆమె ఊపిరి బిగబట్టింది.
అద్దానికి ఇవతల, ఎందుకో, నేనూ.

తెర మీద గుండె,
పిడికిలి మూస్తూ తెరుస్తూ.
దాని అంచున
నువ్వుగింజంత నలుపు.
చీకటి దొరికితే సంబరపడే ఉద్యోగం
ఈ ఊళ్లో ఇంకెవరికుందో తెలీదు.

"కనిపించినయా?" లేస్తూనే అడిగింది.
కనిపించాయి.
"బతికున్నయా?"

కణం చచ్చినా ఇనుము చావదు.
ఊడ్చే కణాలొచ్చి మింగినా
చుక్క అట్లాగే నల్లగా నిలబడుతుంది.
లోపల మనిషి ఉన్నాడో,
గుమ్మంలో చెప్పులే మిగిలాయో
మా యంత్రం చెప్పదు.
ఇదంతా నా అరకొర ఉర్దూలో చెప్పాను.
చెప్పుల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమెకు ఆశ్చర్యం కలగలేదు.
"లాడ్‌బజార్ల మాదీ గంతే.
వేడి లక్కల రాయి పెడతం, చిమ్టాతోని.
అతికిందా లేదా, చూస్తే తెల్వది.
చల్లారినంక గోటితో గీకాలె."

గుండెను గీకే గోరు ఎవరికుంది?

రిపోర్టు రాశాను.
ఎడమ జఠరిక, ముందు గోడ,
నల్లచుక్క, నాలుగు మిల్లీమీటర్లు.
"గోడ కదలిక" అన్న గడి దగ్గర
కర్సర్ చాలాసేపు కొట్టుకుంది.
ఆ ముప్పై బొమ్మల్నీ మళ్లీ నడిపించి చూశాను,
మళ్లీ చూశాను,
కదిలిందనిపించింది, కదలలేదనిపించింది.
"మూడు నెలలకు మళ్లీ తీయాలి" అని రాశాను.

ఆమె వెళ్లాక
గాజులు పెట్టిన ట్రేలో
ఒక తెల్లరాయి, బియ్యపు నూకంత.
ఏ గాజులోంచి ఊడిందో.
కాగితంలో మడిచి
తారీఖు రాసి
సొరుగులో పెట్టాను.
ఆమె వచ్చినప్పుడు ఇవ్వాలి.