చక్రం కింద రాయి

లాకు దిగువ మెట్ల దగ్గర
బండి కడుగుతున్నాం, నేనూ అబ్బులూ.
చక్రాల సందుల్లోంచి ఎర్రమట్టి కారి
కాలవలో చీర అంచులా సాగి, కలిసిపోయింది.
"కొండమట్టి, పాపం పోతోంది" అన్నాను.
"ఎలాగూ గోదాట్లో రావాల్సిందే గదే,
మనం లిఫ్టిచ్చాం, అంతే" అన్నాడు.

ఈ బండి మొన్నమొన్నటిదాకా
భీమారం చెరువుల నించి ఐసు మీద రొయ్యల్ని మోసింది.
ముప్పయ్యొక్క ఏళ్ళు లాకు లస్కరుగా చేసి
రిటైరైన డబ్బుల్లో కొంత దీనికి పోసి
మంచం, గ్యాసు పొయ్యి, గోడకి కొక్కేలు,
ఒక కిటికీ కోయించాడు.
కిటికీ నా కోరిక. మంచం ఆయన కొలత;
నా కాళ్ళు రెండంగుళాలు బయటికొస్తాయి.

పక్కన "రొయ్యల రవాణా" అని రాసుంటే
గీకాడు. కొస నించి మొదలెట్టి, ఆ పైన మొదటక్షరం,
చెయ్యి నొప్పెట్టి మానేశాడు.
"య్యల" మిగిలింది.
పాడేరు సంతలో ఒక పిల్ల వేలు పెట్టి చదివి
"ఉయ్యలా?" అంది.
అవునన్నాను.

వాసన మాత్రం పోలేదు.
లంబసింగి చలికి తలుపులు మూసుకుంటే
అర్ధరాత్రి భీమారం వచ్చి మా మధ్యన పడుకునేది.

నా పేరు పల్లాలమ్మ. పేరులోనే పల్లం.
పుట్టిందీ మెట్టిందీ ఏటిగట్టు కిందే.
మాకు ఎత్తంటే గట్టు, ఆపైన కొబ్బరిచెట్టు,
వరదొచ్చినప్పుడు ఎవరిదో మేడ.
ఆయనకి ఎత్తంటే లాకు:
తలుపులు మూసి నీళ్ళొదిలితే
పడవ నాలుగడుగులు లేవడం.
ఎక్కడమంటే ఓపిగ్గా నిలబడ్డం అనుకునే మనిషి.
అందుకే ఘాటురోడ్డు మొదటి మలుపులో
బండి ఆపి కాసేపు చూశాడు,
ఎవరైనా నీళ్ళొదులుతారేమోనన్నట్టు.

పద్నాలుగో మలుపులో పోట్లాడుకున్నాం.
దేనికో చెప్పను, చెప్పేంత పెద్దది కాదు.
ఇంట్లో అలిగితే పెరడుంది, దొడ్డిగుమ్మం ఉంది.
పదకొండడుగుల బండిలో ఎక్కడ అలగను?
దిగి నడిచాను.
వెనకాల ఫస్టు గేరులో, హారన్ కొట్టకుండా,
నా నడకతో నడిచింది బండి.
లైట్ల వెలుగులో నా నీడ
కొండ మొహమ్మీద ఇంత పొడుగున పడింది.
ఏ గోడా నన్నెప్పుడూ అంత పెద్దగా చూపించలేదు.
కోపం దిగిపోయాక కూడా
ఆ నీడ కోసం ఇంకో రెండు మలుపులు నడిచాను.
చలేసి ఎక్కితే
టీ పెట్టాడు. పంచదార మర్చిపోయాడు. తాగాను.

పైన ఒక ఊట.
బొటనవేలంత నీళ్ళు
రాయి రాయినీ అడిగి దారి తెలుసుకుంటున్నాయి.
"మన వైపే" అన్నాడు అబ్బులు,
మేనల్లుడికి బస్సు చూపించినట్టు.
నీరు పల్లమెరుగు.
ఆయన చెప్పింది నిజమో కాదో దేవుడెరుగు.

తిరుగుదారిలో రావులపాలెం వంతెన దిగగానే
రోడ్డు చాపలా పరుచుకుంది.
టాపు గేరు వేశాడు,
వేశాక మాట్లాడలేదు.
వరి, అరటి, వరి. మళ్ళీ అరటి.
ఎక్కడ నించి చూసినా అన్నీ కనబడుతున్నాయి,
అంచేత ఏదీ చూడబుద్ధి కాలేదు.

ఇవాళ్టికి అయిదో రాత్రి.
ఇంటి ముందే, బండిలోనే పడుకుంటున్నాం.
ఎందుకని ఒకర్నొకరం అడగలేదు.
ఎదురింటి రామాయమ్మ అడిగింది,
"ఇల్లుండగా ఆ పెట్టెలో ఏటే?"
దోమలు తక్కువని చెప్పాను. అబద్ధం.

పడుకునే ముందు టార్చి పట్టుకుని దిగి
వెనక చక్రం కింద రాయి పెడతాడు.
చెంబెడు నీళ్ళు పోస్తే
ఎటు పోవాలో తేల్చుకోలేని నేల మాది,
బండి ఎక్కడికి జారుతుంది?
అయినా పెడతాడు.
మా ఊళ్ళో రాయి పుట్టదు;
బడి మెట్టుకైనా, రుబ్బురోలుకైనా
ఎక్కణ్ణించో రావాల్సిందే.
ఇది పాడేరు రాయి. మూలన తెల్లచార.
పొద్దున్నే తీసి, లుంగీ కొసతో తుడిచి,
నా చెప్పుల పక్కన పెడతాడు.