పంకా తాడు బొక్క

గూడూరు నుంచి సైదాపురం పోయే దారిలో
నిమ్మతోటలు దాటినాక
ఎర్రిటికల మేడ ఒకటి కనపడుద్ది.
ఇప్పుడది లాడ్జి.
బోర్డు మీద విక్టోరియాలో ఒక అక్షరం రాలిపోయింది.
నిమ్మకాయల మునిరత్నం మళ్ళీ రాయించలా.
"రాణే పోయింది, అక్షరం పోతే ఏంది?" అంటాడు.

రాత్రి డ్యూటీ నాది.
గదుల తాళంచెవులు పొయ్యిలో మేకులకి వేలాడతాయి.
అవును, పొయ్యే.
అన్నం వండుకునేది కాదు, చలి కాచుకునేది.
హరిగిరీసు దొర సీమ నుంచి పటం తెప్పించి కట్టించాడంట,
ఆ పటంలో మంచు కురుస్తుండేదంట.
రోళ్ళు పగిలే రోహిణిలో
ఆ పొయ్యి ఒక్కనాడన్నా పొగ చూళ్ళా.
పొగగొట్టంలో పావురాలు మాత్రం
అద్దె కట్టకుండా కాపరం చేస్తానే ఉండాయి.

మైకా లేపిన మేడ ఇది.
నూరడుగుల గుంతలోనుంచి గంపలకెత్తి,
కూచుని, కత్తిమొనతో పొర మీద పొర విప్పి,
సాయంత్రానికి కొంగు దులిపితే
చుక్కలు రాలేవని వెంగమ్మవ్వ చెప్పేది.
కూలి ఎంతని అడిగితే మటుకు
దగ్గొచ్చేది అవ్వకి.

గడప మీద 1891 అని చెక్కుంది.
ఆ గడప ఇవతల, వరండాలో,
మా జేజికి తాత పోలయ్య పడుకునేవాడు.
కాలి బొటనవేలికి తాడు.
తాడు గోడ బొక్కలోనుంచి లోపలికి,
లోపల దొర తల మీద గుడ్డ పంకా.
పోలయ్య కునుకు తీస్తే దొరకి చెమట,
దొరకి చెమట పడితే పోలయ్యకి బూటు.
చరిత్రంటే ఇంతే నాకు తెలిసింది.

దొర ఓడెక్కాడో, మట్టిలోకే పోయాడో.
మైకా ధర పడిపోయింది.
మేడ రాపూరు షావుకారికి అప్పు కింద జమ.
ఆనక వడ్ల గోదాము,
తుపాను ఏడు గంజి కేంద్రం,
ఆనక చాన్నాళ్ళు గబ్బిలాలు.
ఆనక మునిరత్నం,
గదికో టీవీ, గదికో మగ్గు.

పోయిన ఎండల్లో ఏడో నంబరుకి ఏసీ బిగించను
ఖలీలు వచ్చాడు డ్రిల్లు తీసుకుని.
రెండడుగుల గోడ.
బిట్టు పుటుక్కున విరిగింది.
బీరువా జరిపి చూపించా, ఇదుగో, తయారుగా ఉందని.
వేలు పెట్టి తడిమాడు.
"ఏందన్నా, అంచులింత నున్నగా ఉండాయి,
ఎవురు అరగదీశారు?"
నేనేం చెప్పలా.
రాగి పైపు సర్రున జారింది,
అలవాటైన దారిలో పోయినట్టు.

ఇప్పుడు ఆ గదికి పదిహేనొందలు.
అవతల పైపు చివర నీళ్ళు
బొట్టు, బొట్టు, వరండా రాళ్ళ మీద,
సరిగ్గా ఆడ్నే.
బక్కెట పెట్టి పక్కన కుర్చీ వేసుకుంటా.
రెండు దాటినాక ఎవురికైనా కునుకు రాదా.

ఫోను మోగింది.
ఏడో నంబరు, మద్రాసు పార్టీ.
"ఏమయ్యా, గాలి చాల్లేదు."

నేను ఇంకా లేవనే లేదు.
చెప్పులో
నా కాలి బొటనవేలు కదిలింది.