సాక్షి సంతకం లేని నోటు

ఆటు మొదలైతే సముద్రం మాకు నాలుగ్గంటలు సెలవిస్తుంది.
కంబాదోస్ ఆడవాళ్లం తొట్టెలూ దంతెలూ పట్టుకుని
మోకాటి లోతులో నడుములు వంచి
ఇసుకని తల దువ్వినట్టు దువ్వి
ఆల్చిప్పలు ఏరుతాం.
నలభై ఏళ్లు ఈ నీళ్లే నాకు రొట్టె పెట్టాయి.
నాకు ఈత రాదు.

పంతొమ్మిదో ఏట ఒక పొద్దున
రబ్బరు ట్యూబులో కూర్చోబెట్టిన నా తొట్టె
తాడు తెంపుకుంది.
పిలిచినా వినిపించుకోని ఆవులా
తొందరేం లేకుండా వెళ్లిపోయింది, నా రోజు కూలితో సహా.
పెద్ద దూరమేం కాదు, పదిమంది మనుషుల పొడవు.
గుండెల దాకా నీళ్లలోకి నడిచి
అక్కడే ఆగిపోయాను.
పెదవి కదపకుండా అనుకున్నాను:
వచ్చే ఎండాకాలానికి నేర్చుకుంటాను.

ఊరికి మాటిస్తే ఊరు అడుగుతుంది.
బ్యాంకుకిస్తే కాయితం అడుగుతుంది.
కార్మెన్ మాతకి మొక్కుకుంటే
ఆమె కూడా మైనపువత్తి కోసం ఎదురు చూస్తుంది.
దీన్ని ఎవరడుగుతారు?
అప్పిచ్చిందీ నేనే, పుచ్చుకుందీ నేనే,
వసూలుకొచ్చి తలుపు కొట్టేదీ నేనే,
లోపల్నుంచి "దొసిందా ఇంట్లో లేదు" అనేదీ నేనే.

ఆ ఎండాకాలం కడుపుతో ఉన్నాను.
తర్వాత పిల్లకి కోరింత దగ్గు. తర్వాత అత్తగారి తుంటి.
తర్వాత కారణాలు అయిపోయాయి.
కారణం లేకుండా ఆగడం ఇంకా తేలికని అప్పుడే తెలిసింది.
వాయిదా అనేది ఎంత మంచి మాటో,
బాకీ కట్టడానికీ అదే, కట్టకపోవడానికీ అదే.
అబద్ధమెందుకు, కొన్నేళ్లు పూర్తిగా మరిచిపోయాను.
కానీ తొట్టె కట్టినప్పుడల్లా
తాడుకి రెండు ముళ్లు వేసేదాన్ని.
ఒకటి తొట్టె కోసం.
ఒకటి దేనికో.

యాభై ఎనిమిదో ఏట, ఒక మంగళవారం,
నన్నెరిగినవాళ్లు లేని పొంతెవెద్రాకి బస్సెక్కాను.
ఈతకొలను ఫారంలో ఒక గడి:
ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు?
"తొట్టె" అని రాశాను.
ముందుపళ్లు ఊడిన పిల్లలు ఆరుగురు, నేను.
నేర్పేవాడు బ్రెయ్‌షో, నా కూతురికన్నా చిన్నవాడు.
"కాళ్లు వదిలెయ్యండి" అన్నాడు.
నీళ్లలో నిలబడటమే బతుకైనదాన్ని
వదిలెయ్యమంటాడు!
ఆ రోజు కొలను సగం తాగాను.

రెండో మంగళవారం వెళ్లలేదు.
మూడోది, బస్టాపు దాకా వెళ్లి చేపల బజారుకి మళ్లాను.
నాలుగోది వెళ్లాను.
ధైర్యం వచ్చి కాదు, కట్టిన డబ్బులు గుర్తొచ్చి.

మాట మీద నిలబడాలి అంటారు పెద్దలు.
నిలబడితే ఈత కాదు.
దాని మీద పడుకోవాలి,
మెడనీ బరువునీ దానికే అప్పజెప్పి.
అది మునుగుతుందో మోస్తుందో
పడుకున్నాకే తెలుస్తుంది.
దక్కని మాటల్ని నీటి మూటలని వెక్కిరిస్తారు గానీ
ఆ రోజు నన్ను మోసింది నీళ్లే.
చెవుల నిండా నీళ్లు,
పైకప్పులో ఆరిపోబోతూ కొట్టుకుంటున్న ఒక ట్యూబులైటు.
పదకొండు లెక్కపెట్టాను.
పన్నెండు దగ్గర భయమేసి లేచి దగ్గాను.
పిల్లల్లో ఒకడు చప్పట్లు కొట్టాడు,
నాకో, వాడి చేతికి దొరికిన బంతికో.

సాయంత్రం ఆటుకి మళ్లీ ఇసుకమేటల మీదే ఉన్నాను.
తలగుడ్డ అంచు కింద జుట్టు చూసి
"అక్కడ వాన పడిందా?" అంది సలేతా.
"పడింది, కొంచెం" అన్నాను.
పదిమంది పొడవు దూరం
ఇంకా అలాగే ఉంది నా ముందు, బూడిదరంగులో.
తొట్టెకి తాడు కట్టాను.
రెండో ముడి కూడా వేశాను.
అలవాటు.