నలుపుకూ రెండు రూపాయలే

అచ్చంపేట బస్టాండు ఎదురుంగ నా జిరాక్సు దుకాణం.
ఆధార్ కార్డులు, పట్టా పాసుబుక్కులు, హాల్‌టికెట్లు:
పొద్దుగూకేదాక ఊర్లన్నీ
ఈ అద్దం మీద బోర్ల పండి లేస్తయి.
సదవను నేను.
సదివితే గిరాకి నిలువది.

ఆ దినం ఆఫీసు పిలగాడు పదకొండు కాయిదాలు తెచ్చిండు.
వాళ్ల మిషను ఖరాబైందట.
సగం పేజీల మీద మార్కర్‌తోని గీకి ఉంది,
ఇంకా స్పిరిటు వాసన పోలే.
"మంచిగ నల్లగ రావాలె అన్నా, ఇచ్చుడు కాపీనే, అసలుది కాదు."
ఎందుకో నాకెరుకే.
మార్కర్ గీతను వెలుతురుకు పడితే
కింది అక్షరం నీళ్లల్ల చాప తీరు పైకి తేలుతది.
జిరాక్సు గీత కింద ఏముండదు,
నలుపు కింద నలుపే.

పైన టీవీల అమెరికా వార్తలు.
ఎన్నడో పోయిన సర్కారు రహస్యాలట,
అరవై ఏండ్లకు బయటపెట్టిండ్రట.
చూపిస్తే మన పేజీ తీర్గనే ఉంది:
రెండు మాటలు, ఒక గోడ,
ఒక మాట, మల్ల గోడ.
టై కట్టుకున్నోడొకడు గోడకు ఇటుదిక్కు నిలవడి
అటుదిక్కు ఏమున్నదో గంటసేపు చెప్పిండు.
ఇంకొకడు అదేం లేదన్నడు.
నడుమ బనియన్ల అడ్వర్టైజ్‌మెంటు.
అంత పెద్ద దేశానికీ
గిదే టోనరు సరిపోతదన్నమాట.

పదకొండు కాయిదాలు నిమ్మల బయ్యన్నవి.
అంటే, ఆయన అడిగినయి.
అడవిల, వాళ్ల పెంట వెనక,
రాత్రిపూట లారీలొచ్చి బోర్లేసినయి.
నీళ్లు పడ్డా ఆపలే, బండ తగిలినా ఆపలే.
తీసిన రాయిని పొడుగు డబ్బాలల్ల పేర్చి
సీలేసి పట్కపోయిండ్రు.
"నీళ్లకు కాకపోతే దేనికి సారూ?"
గదొక్కటే అడిగిండు.
దరఖాస్తు రాసింది ఆశ్రమ బడిల సదివే బిడ్డ.

పేపర్ల ఒక్కసారి వచ్చింది.
మా విలేకరి పర్వతాలు రాసిండు, నాలుగు లైన్లు, ఫోటో లేకుంట.
తెల్లారి అదే జాగల వివరణ: ఆ వార్త అవాస్తవం.
మూడోనాడు అదే జాగల
ఎవరో లీడరు పుట్టినరోజు, రంగులల్ల.
"ఏది నిజం పర్వతాలూ?" అంటే
"యాడ్ పైసలు నిజం" అని నవ్విండు.
చాయ్ మాత్రం సగంలనే ఇడిసిపెట్టి పోయిండు.

నేను సదవనని చెప్పిన గద.
అబద్ధం.
ఏడో పేజీ ఎత్తి ట్యూబులైటుకు పట్టిన.
ఏ బాంబు సంగతో, ఏ కోట్ల సంగతో ఉంటదనుకున్న.
ఒక్కటే లైను తేలింది:
"సదరు ప్రదేశంలో నివాసితులు: లేరు."

లేరట.
బయ్యన్న లేడు.
తపసి బంక గీకే ఆయన పెండ్లాం లేదు.
కుక్క లేదు, తేనె డబ్బా లేదు,
ఒత్తు తప్పుపోతే కొట్టేసి మల్ల రాసిన
ఆ బిడ్డ లేదు.
లేనోనికి రిజిస్టర్ పోస్టు ఎట్ల ముడుతదో
పోస్టుమ్యాన్‌నే అడగాలె.

కాయిదం అద్దం మీద పెట్టి బటన్ ఒత్తిన.
వెలుతురు ఇటునుంచి అటు పోయింది.
పదకొండు పేజీలు, ఇరవై రెండు రూపాయలు.
నలుపు ఎక్కువుంటే టోనరు ఎక్కువ తాగుతది,
రేటు మాత్రం అంతే.

నెలకు బయ్యన్నే వచ్చిండు.
అప్పీలు వేస్తడట, మూడు సెట్లు కావాలె.
"రోజూ కాయిదాలల్లనే ఉంటవు,
దీని కింద ఏముంటదే?"
"మిషను సదవది బయ్యన్నా."
"మిషనును అడగలే."

పైసలు వద్దన్న. ఇనలే.
అరవై ఆరు రూపాయలు లెక్కపెట్టి
రసీదు ఇయ్యమన్నడు.
పదహారేండ్లల్ల నన్ను రసీదు అడిగినోడు లేడు.
బుక్కు దేవులాడి, కార్బన్ దులిపి రాసిన:
నల్ల పేజీలు, ముప్పై మూడు.
సంతకం పెట్టి, చింపి,
వెనకకు తిప్పి పెన్సిల్‌తోని ఇంకో లైను రాసిన,
సన్నగ, రుద్దితే పోయేటట్టు.

చూడకుంటనే మడిచి జేబుల పెట్టుకున్నడు.
ఆయనకు సదువు రాదు.
బిడ్డ శనివారం ఇంటికొస్తదట.

మన్ననూరు బస్సు కదిలింది.
నా కాడ కార్బన్ కాపీ ఉంది,
దాని మీద ముందటిదిక్కు రాసిందే పడ్డది.