పై ఊరి మూట

మూడో మలుపులో చైను జారింది.
సైకిల్ని తలకిందులు చేసి చతికిలబడితే
వెనక చక్రం కాసేపు తనంతట తనే తిరిగింది
గాలికి, ఏ ఊరికీ వెళ్లకుండా.

స్పితిలో కిలోమీటర్లు ఎవరికీ పట్టవు.
ఇంకెంత దూరం అంటే
"రెండు టీలు" అన్నాడు గాడిదల్ని తోలుకొస్తున్న కుర్రాడు.
నడిచేవాళ్ల టీలా, తొక్కేవాళ్ల టీలా అని అడగలేదు.
అడగడానికి ఊపిరుండాలి కదా.

పై ఊళ్లో ఇరవై మూడు ఇళ్లు, బఠాణీ కోత.
ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి
చక్రం పుల్లలు లెక్కపెట్టడం మొదలెట్టింది.
పదిహేడు దగ్గర తప్పి మళ్లీ మొదటికొచ్చి
మళ్లీ పదిహేడు దగ్గరే.

ఆ పిల్ల అమ్మమ్మ ఛుకిత్
గోడ పట్టుకుని లేచి ఉప్పు టీ పోసింది.
ఖాళీ చేసినకొద్దీ నింపింది.
చాలు అనే మాట
మా ఇద్దరికీ ఉమ్మడిగా లేదు.

పొద్దున్నే బయల్దేరుతుంటే
హ్యాండిల్‌కి ఒక మూట కట్టింది.
జడలబర్రె వెంట్రుకల తాడు, మూడు ముళ్లు.
"కింది ఊళ్లో యంగ్‌జోమ్, ఎర్ర తలుపు.
ఎవరిచ్చారో చెప్పొద్దు."
పెద్ద మనవరాలు హిందీలోకి మార్చి చెబుతూ
"ముళ్లు చూస్తే తెలిసిపోతుందిలే" అని తన మాట కలిపింది.

మూటలో ఏముందో
దారి పొడుగునా తగిలి తగిలి నా మోకాలు కనుక్కుంది:
చిన్నవి, గట్టివి, బోలెడు.

కొండ విరిగిపడ్డ చోట రోడ్డు పనివాళ్లు ఆపారు.
లుఖీ హాంస్దా, దుమ్కా మనిషి,
ఆరు వేసవులుగా ఇక్కడే రాళ్లు కొడుతున్నాడు.
మూట చూడగానే కథంతా చెప్పేశాడు.
అక్క ఒక రాత్రి కాలువ తన చేలోకే ఉంచుకుందట,
చెల్లెలి చేను ఎండిందట,
పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవట.
"ఆ నీళ్లు ఈపాటికి సముద్రంలో ఉంటాయి" అన్నాడు.
తనెప్పుడూ సముద్రం చూడలేదట.
మీ వైపు ఉంది కదా, ఎలా ఉంటుంది అన్నాడు.
"చదునుగా" అన్నాను.
ఆ ఎక్కుడు ఎక్కినవాళ్లకి ఇంకేం గుర్తొస్తుంది?

దిగడం తేలికనుకుంటారు.
బ్రేకు పట్టుకున్న వేళ్లనడగండి.
కింద నది ఎంత సన్నగా ఉందంటే
ఎవరో గీసి, నచ్చక వదిలేసినట్టు.

ఎర్ర తలుపు తెరిచిన యంగ్‌జోమ్
మూట వంక చూడలేదు, ముళ్ల వంక చూసింది.
చేత్తో అందుకోలేదు.
అక్కడ పెట్టు అని గడప చూపించింది.
చాలాసేపటికి
"మోకాలెలా ఉంది?" అంది.
పర్లేదు, కొంచెం వాచింది అన్నాను.
"నీది కాదు."

గోడ పట్టుకుని లేచింది అని చెప్పాను.
ఏ చేత్తో అంది.
ఎడమ చేత్తో అన్నాను.
పొయ్యిలో పిడక సర్దింది. అది సరిగ్గానే ఉంది అంతకుముందు.

రాత్రి దీపం దగ్గర మూట విప్పింది.
నల్ల బఠాణీ విత్తనాలు, పాత రకం,
కింది ఊళ్లో ఎప్పుడో పోయినవి.
ఒకటి పంటికింద వేసి పటుక్కుమనిపించి
"పోయినేడాదివి" అని సణిగింది.
ఒక్కటి కూడా కిందపడకుండా కుండలో పోసుకుంది.

అదే గుడ్డలో ఏదో వేసి
అదే తాడుతో కట్టింది, ముళ్లు మాత్రం రెండే.
నేను కిందికి వెళ్తున్నా కదా అన్నాను.
తెలుసు అంది.
కిటికీలో పెట్టింది, రోడ్డు వైపు.

మర్నాడు మధ్యాహ్నం ఎదురుగా టపా జీపు.
చేయెత్తి, ఎర్ర తలుపు, కిటికీలో మూట అని అరిచాను.
డ్రైవరు నవ్వి హారన్ కొట్టి దుమ్ములో కలిసిపోయాడు.
విన్నాడో, పలకరింపే అనుకున్నాడో.

దుమ్ము అణిగేదాకా సైకిలు వాల్చి
పక్కన కూర్చుని పుల్లలు లెక్కపెట్టాను.
నాకూ పదిహేడు దగ్గరే తప్పింది.