రాజాం, అరమాత్ర ఆలస్యంగా

తవిటయ్య మాస్టారి షాపు నిండా
కాలిపోయిన మోటార్ల వాసన,
వార్నిషు, రాగి, నిన్నటి వాన.
కాయిళ్ళు చుట్టే బల్ల మీదే గిటారు.
ఆరో తీగ తెగి రెండు వారాలు,
వైజాగు నుంచి పార్సిల్ రావాలి.
"ఉన్న అయిదింటితో కానీ" అంటాడు.

నాకు నలభై మూడు.
కాంప్లెక్సులో మైకు ముందు కూర్చుంటాను.
పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా
బస్సుల పేర్లు పిలిచే గొంతు నాదే.
చిన్నప్పుడు మూడేళ్ళు వయొలిను,
సంగీత కాలేజీ వెనక వీధిలో.
తొడ మీద తాళం,
సమం తప్పితే మొట్టికాయ.

ఇక్కడ సమాన్ని ఎవరూ కొట్టరు.
"ఒకటి ఒగ్గీ. రెండుకి కొట్టు.
మూడు ఒగ్గీ. నాలుక్కి."
నా అరచెయ్యి వినదు,
సాయంత్రం తన పాక వెతుక్కునే గేదెలాగ
ఒకటి దగ్గరికే పోతుంది.

ఆయన నేర్చుకున్నది ఒకే ఒక్క క్యాసెట్టు నుంచి.
పోర్టు గేటు దగ్గర ఓడ దిగినవాడెవడో
లుంగీ ఒకటి తీసుకుని ఇచ్చి పోయాడట.
లేబులు చెరిగిపోయింది.
వాయించిందెవరో ముప్పై ఏళ్ళుగా తెలీదు.
"ఎవుడైతేనేం, కాలిన మోటారు వాసన
ఎరిగినోడే."

ఎఫ్ పట్టమంటాడు.
చూపుడువేలు అడ్డంగా పడుకోబెడితే
ఒక తీగ మూగ, ఒకటి జోరీగ.
వేలికొసన బొబ్బ.
రాత్రి చారులో ఉప్పు కలుపుతుంటే
ప్రాణం లేచి వచ్చింది.

"అన్నీ నొక్కాలని ఎవుడు సెప్పేడు నీకు?
మూడు సాలు.
అడుగు సొరం ఇంకోడు సూసుకుంటాడు."
ఇంకొకరెవరూ లేరు కదా మాస్టారూ.
ఆయన లేచి, బాగుచేసిన పంపుసెట్టు మోటారుకి
కరెంటిచ్చాడు.
అది మ్... అని ఒకే శ్రుతి పట్టింది.
దాని మీద నా మూడు స్వరాలు
తడిసిన పిల్లికూనల్లా ఎక్కి కూర్చున్నాయి.
మొదటిసారి, పడిపోలేదు.

పోయిన మంగళవారం అన్నాడు:
"రాజాం ఎల్దామని కాంప్లెక్సులో నిలబడ్డాను.
నీ మాటిన్నాను.
చీపురుపల్లి దాకా పరుగెట్టుకొచ్చి
రాజాం ముందర ఆగినావు. రవ్వంత.
ఆ రవ్వంతే, మనం నేర్చుకుంతన్నది."

ఊపిరి కోసం ఆగాను, అంతే.
ఇరవై ఏళ్ళుగా
అక్కడే ఆగుతున్నానని నాకు తెలీదు.

మర్నాడు మైకు నొక్కాను.
ప్రయాణికులకు గమనిక.
గరివిడి చీపురుపల్లి మీదుగా

రాజాం, పాలకొండ వెళ్ళు బస్సు
అయిదో నంబరు ప్లాట్‌ఫారం మీద.
పనసకాయల ముసలామె తలెత్తి చూసింది.
కంట్రోలరు గౌరునాయుడు గారు
"గొంతు బాగోలేదేటమ్మా" అన్నారు.
బల్ల కింద నా వేలు
రెండుకీ, నాలుక్కీ.

ఎఫ్ ఇంకా జుయ్యిమంటూనే ఉంది.
పార్సిల్ రాలేదు.