సాక్షి

ఎక్కడమ్మా మీ ఇల్లు అని ఎవరడిగినా
కట్ట కింద, అంటాం.
కట్ట మీద వాళ్లు వేరు. వాళ్లకు గాలి తగులుతుంది,
ఆటో దొరుకుతుంది, ఏ వార్తయినా ముందు తెలుస్తుంది.
మాకు సింగ్ నగర్ అవతల, బుడమేరు వంపు తిరిగే చోట
నలభై గజాల స్థలం, రేకుల వసారా.
కిటికీ తెరిస్తే ఆకాశానికి బదులు
గడ్డి మొలిచిన మట్టి వీపు.

ఆ వీపు మీది మట్టిలో కొంత మా నాయనమ్మ మోసింది.
నాంచారమ్మ. పొట్టి మనిషి.
తట్ట దించినా తలమీది చుట్టకుదురు దించేది కాదు.
కట్ట ఎంత ఎత్తు లేస్తే పక్కన గుంట అంత లోతు దిగేది.
గుంట నడిమధ్య ఒక్క దిబ్బను మాత్రం తవ్వకుండా వదిలేవాళ్లట,
నెత్తిన పాత గడ్డితో, చుట్టూ ఏమీ లేకుండా.
దాని పేరు సాక్షి.
శనివారం మేస్త్రీ టేపు పట్టుకొచ్చి
సాక్షి ఎత్తు కొలిచి కూలి లెక్క కట్టేవాడు.

శుక్రవారం రాత్రి మా నాయనమ్మ
గడ్డి ఊడకుండా సాక్షి తల మెల్లగా కోసి పక్కన పెట్టి,
జానెడు తడిమట్టి మెత్తి,
మళ్లీ తల అతికించేది.
చంటిదానికి టోపీ పెట్టినట్టే, అని నవ్వేది.
ఆ జానెడు మట్టి మీదే
మా నాన్న పదో తరగతి గట్టెక్కాడు.
గట్టెక్కడమనే మాట మా ఇంట్లో
ఎవరూ ఊరికే వాడరు.

తర్వాత గుంటలు పూడ్చి ప్లాట్లు వేశారు.
కట్టకిచ్చిన మట్టిని ఎవరు తిరిగి తెస్తారు?
చెత్త పోసి, థర్మల్ బూడిద పోసి చదును చేశారు.
మా నాన్న కొన్నాడు.
తల్లి తవ్విన గోతినే కొన్నానని తెలుసో లేదో,
రిజిస్ట్రేషన్ రోజున వీధంతా బూరెలు పంచాడు.

గండి పడిన రాత్రి
లస్కరు నాగుల్ మీరా టార్చి ఊపుకుంటూ
ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తాడు.
ఇరవై ఏళ్లుగా ఎండ్రకాయ బొక్క కనబడితే
వేలు పెట్టి చూసే మనిషి.
పేరుపేరునా లేపాడు, సౌభాగ్యమ్మా, జానీబాషా, కుట్టుమిషనత్తా!
తెగింది మాత్రం బొక్కల దగ్గర కాదు,
లారీలు దిగడానికి ఎవరో కట్ట నరికి
బాట వేసుకున్న చోట.
నీళ్లు అరవలేదు.
మంచం కిందికి చెప్పులు వెతుక్కుంటున్నట్టు వచ్చాయి.

నాలుగు రోజులు మేడున్నవాళ్ల మేడ మీద.
అయిదో రోజు
రేషన్ కార్డు, పిల్లదాని మార్కుల మెమో, ఇంటి దస్తావేజు,
కాగితాల కట్ట విప్పి కట్ట మీద ఆరేశాను,
ఒక్కోదాని మీద ఒక్కో మట్టిబెడ్డ.
నాగుల్ మీరా వచ్చి కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు.
ఎగిరిపోబోయిన కరెంటు బిల్లును
కాలితో తొక్కి పట్టాడు.

నష్టం రాసుకునే కుర్రాడు వచ్చాడు.
నీళ్లు ఎంతవరకు వచ్చాయమ్మా?
గోడ మీద చార. గ్యాస్ పొయ్యి ఎత్తున,
సన్నగా, అబద్ధం ఎరగనట్టు ఉండేది.
ముందురాత్రే దాన్ని తడిగుడ్డతో తుడిచి
బురద వేలితో జానెడు పైన గీశాను.
కుర్రాడు చారను చూశాడు, నన్ను చూశాడు,
నా గోళ్లలో మట్టి చూశాడు.
రాసుకున్నది మోకాలి లోతు.

ఇప్పుడు కట్ట ఎత్తు పెంచుతున్నారు.
పొక్లెయిన్ వచ్చింది. తట్టలు లేవు, సాక్షిని వదిలే పనీ లేదు.
ఎక్కడిదయ్యా ఈ మట్టి, అని అడిగాను టిప్పర్ డ్రైవర్ని.
కొండపల్లి అవతల ఏదో ఊరి పేరు చెప్పాడు,
ఇంటికొచ్చేలోపు మరిచిపోయాను.
ఎంత లోతు దిగిందో అక్కడ.
ఆ గుంటలో రేపు ఎవరు బూరెలు పంచుతారో.

గోడ ఆరాక పాత చార మళ్లీ తేలింది.
సున్నం వేసే అబ్బాయికి చెప్పాను,
ఇల్లంతా వెయ్యి నాయనా,
ఆ రెండు గీతల మధ్య
జానెడు వదిలెయ్.